పోస్టరుంది... ఆట లేదు!

హాల్లోంచి బొమ్మ వెళ్లిపోయి నెలలవుతుంది. ఊరి గోడమీద పోస్టరు మాత్రం అలాగే ఉంటుంది. ఎండకు వెలిసినా, వానకు తడిసినా హీరోయిన్ మనవంక చూసి నవ్వుతూనే ఉంటుంది! పొరుగూరివాడెవడో అది చూసి టికెట్టు కోసం పరుగెత్తితే...? పెళ్లిసంబంధాల వెబ్‌సైట్లలోనూ, డేటింగ్ యాప్‌లలోనూ జరుగుతున్న తమాషా సరిగ్గా ఇదే.

నెల్లూరు జిల్లా మైపాడు వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసే ఓ కుర్రాడు నాకు పరిచయం. మూడు నెలలకు డబ్బు కట్టి, నచ్చిన అమ్మాయిలకు వరసగా సందేశాలు పంపాడు. ఉలుకూ పలుకూ లేదు.

"నల్లగా ఉండాననే గదన్నా? సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లేదనే గదా?" అన్నాడు. ఆ మాటల్లో బాధ దాగలేదు.

ఫోను తీసుకుని చూశాను. అతను బాగా ఆశపెట్టుకున్న అమ్మాయి ఆ సైటు మొహం చూసి పద్నాలుగు నెలలైంది! "నిన్ను కాదన్నదెవరయ్యా? అసలు చూసినవాళ్లేరీ?" అన్నాను. కుర్రాడి మొహం కాస్త తేటపడింది.

1996లో వచ్చిన తమిళచిత్రం ‘కాదల్ కోట్టై’, తెలుగులో ‘ప్రేమలేఖ’ అయింది. అందులో నాయికానాయకులు ఒకర్నొకరు చూసుకోకుండానే ఉత్తరాలతో ప్రేమించుకుంటారు. అయితే అక్కడ అవతలివైపు ఓ మనిషంటూ ఉన్నారు! ఇక్కడ ఉన్నారో లేదో తేల్చుకోవడమే అసలు కథ.

ఎలాగంటారా? మొదట, చివరిసారి లాగిన్ అయిన తేదీ చూడండి. పెళ్లిసంబంధాల సైట్లలో చాలావాటిలో అది కనిపిస్తుంది. టిండర్‌లో అయితే గత 24 గంటల్లో వచ్చినవారికి పచ్చచుక్క పడుతుంది. చుక్క లేనంతమాత్రాన మనిషి లేనట్టు కాదు సుమా! దాన్ని దాచుకునే వీలూ ఉంది.

రెండోది వయసు. పుట్టినతేదీని బట్టి అంకె దానంతటదే పెరుగుతుంది. మనిషి రాసుకున్న మాటలు పెరగవు. పైన 31 ఏళ్లనీ, కింద ‘ఇంజనీరింగ్ చివరి సంవత్సరం’ అనీ ఉంటే ఇక చెప్పేదేముంది?

మూడోది, మర్యాదగా ఒక్క సందేశం పంపండి. రెండు వారాలు చూడండి. రాకపోతే ముందుకు సాగండి. డబ్బు కట్టేముందే, ఈమధ్య వచ్చినవాళ్లు మీకు తగ్గవారిలో ఎందరున్నారో లెక్క చూసుకోండి.

అన్నట్టు, మరీ హుషారుగా ఉండే ప్రొఫైలుతోనూ జాగ్రత్త! ముఖం చూపకుండా, రెండోరోజే ప్రేమ, మూడోరోజే డబ్బు అడిగేవాళ్లు ఉన్నారు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చెయ్యండి. సైబర్ మోసాల సహాయ నంబరది.

వెనకటి పెళ్లిళ్ల పేరయ్య పెళ్లిభోజనం చేసిన రోజే తన పుస్తకంలో ఆ పేరు కొట్టేసేవాడు. యాప్‌కు ఆ భోజనం సంగతేం తెలుసు? పెళ్లి కుదరగానే చాలామంది ఫోన్లోంచి యాప్ తీసేసి, పనైపోయిందనుకుంటారు. యాప్ తీసేస్తే ఖాతా పోదండీ! సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఖాతానే రద్దు చెయ్యాలి.

కనుక పెళ్లయిన పాఠకులారా, ఇవ్వాళే ఓసారి చూసుకోండి. మీ పాత నవ్వు చూసి ఏ చెరువుగట్టు మీదో ఎవరో తమలో లోపాలు వెతుక్కుంటూ ఉండొచ్చు. మీ పోస్టరు మీరే చింపెయ్యండి!