చిట్టి జెట్ విమానం పుట్టుపూర్వోత్తరాలు

నేల మీద నిలబడిన మనిషి రేడియో సంకేతాలతో నడిపే నమూనా విమానాలలో జెట్ నమూనాది ప్రత్యేకమైన శాఖ. చూడడానికి జెట్‌లా ఉన్నవన్నీ జెట్‌లు కావు. వాటిలో ఎక్కువ వాటికి పొట్టలోని గొట్టంలో బ్యాటరీతో తిరిగే ఫ్యాను ఉంటుంది, అది గాలిని వెనక్కి నెట్టి విమానాన్ని ముందుకు నడుపుతుంది. నిజమైన జెట్ నమూనాలో మాత్రం కిరోసిన్ మండుతుంది, టర్బైన్ తిరుగుతుంది, అయిదారు వందల డిగ్రీల వేడి వాయువు తోక గొట్టం గుండా దూసుకుపోతుంది. పెద్ద జెట్‌ల సంగతికొస్తే, మెదక్ జిల్లాలోని టేక్మాల్‌కు పడమట బీదర్‌లోనూ, ఆగ్నేయంగా హకీంపేటలోనూ భారత వైమానిక దళం జెట్ శిక్షణ సాగించే స్థావరాలున్నాయి. 2008లో బీదర్‌కు చేరిన హాక్ శిక్షణ విమానమే ప్రపంచమంతటా నమూనాకారులు ఇష్టపడి ఎంచుకునే రూపాలలో ఒకటి. అయితే రూపాన్ని చిన్నది చేసినంత తేలిగ్గా ఇంజన్‌ను చిన్నది చేయడం కుదరదు. నమూనా జెట్ చరిత్ర అంతా ఈ చిక్కును విప్పుకుంటూ వచ్చిన చరిత్రే.

1930లలో ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్, జర్మనీలో హాన్స్ ఫాన్ ఒహైన్ ఎవరికి వారుగా జెట్ ఇంజన్‌ను రూపొందించగా, 1939 ఆగస్టు 27న ఒహైన్ ఇంజన్‌తో హైంకెల్ సంస్థ విమానం తొలిసారిగా గాలిలోకి లేచింది. నమూనాకారులు అంతటి యంత్రాన్ని అప్పట్లో తమ ఇంట్లో చేయలేకపోయారు కాబట్టి, 1940లలో అమెరికాలో వచ్చిన డైనాజెట్ అనే పల్స్‌జెట్‌తో తృప్తిపడ్డారు. పల్స్‌జెట్ అంటే తిరిగే చక్రాలేవీ లేకుండా, ముందున్న పలుచని రేకు కవాటాలు సెకనుకు వందల సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండగా, లోపల ఇంధనం విడతలు విడతలుగా పేలే గొట్టం. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ ప్రయోగించిన వీ-1 ఎగిరే బాంబుదీ ఈ సూత్రమే. నమూనా పల్స్‌జెట్ ఎర్రగా కాలుతూ, చెవులు చిల్లులు పడేలా మోగుతూ, ఎక్కువగా చేతిలోని తీగెలకు కట్టిన విమానాలనే గుండ్రంగా తిప్పింది. అసలు గ్యాస్ టర్బైన్‌తో రేడియో నమూనాను ఎగరవేయడానికి 1983 దాకా ఆగవలసి వచ్చింది. ఇంగ్లండులో జెర్రీ జాక్‌మన్, ఆయన సహచరులు ఆ ఏడాది ప్రొపేన్ వాయువుతో నడిచే టర్బైన్‌ను గాలిలోకి లేపారు. 1990ల ఆరంభంలో ఫ్రాన్సు దేశపు జేపీఎక్స్ సంస్థ ప్రొపేన్ టర్బైన్‌ను అంగడిలో పెట్టింది గాని, దాని ధర సామాన్య నమూనాకారుడికి అందేది కాదు.

ఈ విద్యను ఇంటి వర్క్‌షాపులోకి తెచ్చిన ఘనత జర్మనీకి చెందిన కుర్ట్ ష్రెక్లింగ్‌కు దక్కాలి. 1980ల చివర ఆయన తయారుచేసిన ఇంజన్‌లో కంప్రెసర్ చక్రం, అంటే గాలిని పీల్చి ఒత్తిడి పెంచి లోపలికి నెట్టే చక్రం, ప్లైవుడ్‌తో చేసినది. అపకేంద్ర బలానికి అది చీలిపోకుండా చుట్టూ కార్బన్ నారను ఎపాక్సీ జిగురుతో బిగించాడు. వేడి వాయువు తాకిడికి తిరిగే టర్బైన్ చక్రాన్ని వేడికి ఓర్చే స్టీలు రేకు నుంచి కోసి, రెక్కలను ఒక్కొక్కటిగా మెలితిప్పాడు. పోత పనీ, ఖరీదైన యంత్రాలూ లేకుండా తయారైన ఈ ఇంజన్ ఇరవై న్యూటన్లకు పైగా తోపుడు బలం ఇచ్చింది, అంటే రెండు కిలోల పైచిలుకు బరువును ఎత్తి పట్టగలిగేంత. చెక్కతో జెట్ ఇంజనా అని నవ్వేవారికి జవాబు సూటిగానే ఉంది: కంప్రెసర్ చల్లని గాలి వైపు ఉంటుంది, అక్కడ వేడికన్నా లాగుడు బలమే పెద్ద శత్రువు, లాగుడుకు కార్బన్ నార స్టీలుకన్నా గట్టిది. తర్వాత ష్రెక్లింగ్, హెసూస్ ఆర్టెస్ కలిసి రూపొందించిన కేజే66 ఇంజన్‌కు కార్ల టర్బోచార్జర్లలో వాడే 66 మిల్లీమీటర్ల అల్యూమినియం చక్రం కంప్రెసర్‌గా అమరింది. దాని పై తొడుగును చాలామంది క్యాంపింగ్ గ్యాస్ డబ్బాతోనే చేసుకున్నారు. ఆ ఇంజన్ నక్షాలు ప్రచురితమయ్యాక ఎన్నో దేశాలలో లేత్ మిషను ఉన్న ఔత్సాహికులు జెట్ ఇంజన్ చేయడానికి పూనుకున్నారు, నేటి వాణిజ్య ఇంజన్లలో చాలావాటికి దాని పోలిక ఉంది.

ఈ పరిమాణపు టర్బైన్లు ఆటవస్తువులుగానే మిగిలిపోలేదు. బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ రూపొందించగా 2019 మే 13న ఒడిశా తీరంలోని చాందీపూర్ నుంచి పరీక్షించిన అభ్యాస్ అనే మానవరహిత లక్ష్య విమానం బూస్టర్ల సాయంతో లేచి, చిన్న గ్యాస్ టర్బైన్ బలంతోనే ప్రయాణం సాగిస్తుంది. పూర్వపు మెదక్ జిల్లాలోని భానూరులో ఒక కర్మాగారం నడుపుతున్న భారత్ డైనమిక్స్ తయారుచేసే ఆకాశ్ వంటి క్షిపణులకు గురి చూసే పరీక్ష పెట్టాలంటే ఆకాశంలో ఇటువంటి లక్ష్యమే ఉండాలి.

చిన్న జెట్ ఇంజన్‌లో కష్టం ఎక్కడుందో లెక్క వేస్తే తెలుస్తుంది. గాలి ఒత్తిడిని రెట్టింపుకు పైగా చేయాలంటే కంప్రెసర్ చక్రం అంచు సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో, అంటే ధ్వని కన్నా జోరుగా, కదలవలసి ఉంటుంది. చక్రం పెద్దదైనా చిన్నదైనా ఈ అంచు వేగంలో రాయితీ లేదు. వ్యాసం 66 మిల్లీమీటర్లే అయినప్పుడు ఆ వేగం రావడానికి నిమిషానికి లక్షా పదిహేను వేలకు పైగా చుట్లు, సెకనుకు దాదాపు రెండు వేలు, తిరగాలి. ఆ స్థితిలో చక్రం అంచునున్న లోహపు రేణువు మీద పడే లాగుడు భూమ్యాకర్షణకు సుమారు అయిదు లక్షల రెట్లు. ఈ వేగాన్ని మోయవలసినవి ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రమున్న రెండు బేరింగులు మాత్రమే. వాటిలో సిరామిక్ గుండ్లు వాడతారు, ఇంధనంలోనే నాలుగైదు శాతం నూనె కలిపి, అందులో కొద్ది పాయను బేరింగుల మీదికి మళ్లించి తడుపుతారు. మంటకూ తొందరే: పీల్చుకున్న గాలి దహన పేటికలో ఉండేది కొన్ని మిల్లీసెకన్లు, ఆ వ్యవధిలోనే కిరోసిన్ ఆవిరై, గాలిలో కలిసి, పూర్తిగా మండాలి. అందుకే పేటిక లోపల మంట నడుమనే సన్నని గొట్టాలు అమర్చి, ఇంధనాన్ని వాటి గుండా పంపి ఆవిరి చేస్తారు. వచ్చిన గాలిలో మూడో వంతు లోపే మంటకు పోతుంది, మిగిలినదంతా ఆ వాయువును టర్బైన్ తట్టుకోగలిగేంతగా చల్లబరచడానికి సరిపోతుంది.

పరిమాణం తగ్గినప్పుడు తగ్గనివి ఇంకా ఉన్నాయి. చక్రం రెక్కకూ తొడుగుకూ నడుమ పదో వంతు మిల్లీమీటరు సందు పెద్ద ఇంజన్‌లో లెక్కలోకి రాదు గాని, సెంటీమీటరు ఎత్తు కూడా లేని రెక్క విషయంలో అదే సందు గుండా గాలి చెప్పుకోదగినంత వెనక్కి జారిపోతుంది. ఇలాంటి నష్టాలవల్లా, ఒత్తిడి తక్కువ కావడంవల్లా వంద న్యూటన్ల చిన్న టర్బైన్ పూర్తి బలంతో నిమిషానికి లీటరులో మూడో వంతు తాగుతుంది. బలానికి బలం పోల్చి చూస్తే ఇది ప్రయాణికుల విమానపు ఇంజన్ కన్నా రెండు మూడింతల ఖర్చు. నమూనా జెట్ సాధారణంగా ఎనిమిది నిమిషాలకు మించి గాలిలో ఉండకపోవడానికి కారణం నడిపేవాడి అలసట కాదు, ఈ దాహమే.

ఒకప్పుడు ఇంజన్‌ను ముట్టించడానికి మూతి దగ్గర బ్లోయర్ పట్టి, ప్రొపేన్ వదిలి, చెవితో వేగాన్ని అంచనా కడుతూ మెల్లగా కిరోసిన్‌కు మార్చేవారు. ఇప్పుడు ఈసీయూ అనే ఎలక్ట్రానిక్ నియంత్రకం చుట్లనూ, వాయువు ఉష్ణోగ్రతనూ క్షణక్షణం కొలుస్తూ, స్టార్టరు మోటారును తిప్పి, నిప్పుకడ్డీని వేడెక్కించి, ఇంధన పంపును చుక్కలెక్కన నడుపుతుంది. అయినా గత ప్రయత్నంలో మండక మిగిలిన ఇంధనం అడుగున నిలిచి ఉంటే రెండోసారి తోక వెంట మంట ఎగజిమ్ముతుంది. అందుకని కార్బన్ డయాక్సైడ్ సిలిండరు చేతికి అందేలా లేకుండా ఎవరూ స్విచ్ నొక్కకూడదు. పొడి చల్లే సిలిండరు మంటను ఆర్పుతుంది గాని, దానితోపాటు ఇంజన్‌నూ పాడుచేస్తుంది.

విమానపు ఒళ్లు ఫైబర్‌గ్లాస్, కార్బన్, బాల్సా చెక్క, ప్లైవుడ్‌లతో తయారవుతుంది. తోక గొట్టం మాత్రం పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు, వేడి పైకి పాకకుండా చాలావాటికి రెండు పొరలు. ఈ అమరికలో ఎక్కువ ఓపికను కోరేది ఇంధన మార్గం. పంపులోకి ఒక్క గాలి బుడగ చేరినా మంట ఆరిపోవచ్చు కాబట్టి, ప్రధాన ట్యాంకుకూ పంపుకూ నడుమ బుడగలను ఆపే చిన్న ట్యాంకు తప్పనిసరి. తర్వాతిది గరిమనాభి, అంటే విమానం బరువంతా ఏ బిందువు దగ్గర తూగుతుందో ఆ బిందువు. పన్నెండు కిలోల విమానంలో మూడు వందల గ్రాముల బ్యాటరీని ఇరవై సెంటీమీటర్లు ముందుకు జరిపితే గరిమనాభి అయిదు మిల్లీమీటర్లు కదులుతుంది. మూడు లీటర్ల ట్యాంకును దానికి పది సెంటీమీటర్ల దూరంలో పెడితే, ఇంధనం అయిపోయేసరికి అదే బిందువు సుమారు రెండు సెంటీమీటర్లు జరుగుతుంది. అందువల్ల ట్యాంకును గరిమనాభి మీదనే కూర్చోబెట్టి, ప్రధాన ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే తూకం చూస్తారు. మొదటిసారి ముక్కు కాస్త బరువుగా ఉన్నా నష్టం లేదు, తోక బరువైతే విమానం మాట వినదు.

మన దేశంలో 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు నమూనా విమానాన్ని విడిగా గుర్తించాయి: ఇంధనంతో సహా 25 కిలోలు మించకుండా, చదువుకో పరిశోధనకో వినోదానికో మాత్రమే వాడుతూ, కంటికి కనిపించేంత దూరంలోనే నడపాలి, టైప్ సర్టిఫికెట్ అవసరం లేదు. పటంలో ఆకుపచ్చగా గుర్తించిన ప్రాంతంలో 400 అడుగుల దాకా, అంటే సుమారు 120 మీటర్ల దాకా, ముందస్తు అనుమతి లేకుండా ఎగరవచ్చు. బ్యాటరీ విమానానికి ఇది ధారాళమైన ఆకాశమే గాని జెట్‌కు ఇరుకే. గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోయే నమూనా నిలువుగా ఒక వలయం తిరగాలంటే, రెక్కలు విమానం బరువుకు అయిదింతలు మోసినా, వలయం వ్యాసం దాదాపు 250 మీటర్లకు చేరుతుంది. కాబట్టి ఈ కప్పు కింద జెట్ నడిపేవారు విన్యాసాలలో వేగం తగ్గించుకోక తప్పదు.

టేక్మాల్ వంటి చోట ఈ విమానం ఎగరాలంటే మొదట లెక్కలోకి తీసుకోవలసింది గాలిని. మెదక్ ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. మే నెల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఇక్కడి గాలి సాంద్రత, సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల ప్రామాణిక గాలితో పోలిస్తే, 13 శాతం తక్కువ. ఇంజన్ బలం దాదాపు అంతే పడిపోతుంది, రెక్క కింద ఆసరా కూడా అంతే తగ్గుతుంది. పన్నెండు కిలోల బరువు, 0.7 చదరపు మీటర్ల రెక్క వైశాల్యం ఉన్న నమూనా ప్రామాణిక గాలిలో గంటకు 54 కిలోమీటర్ల వేగం దాకా నిలబడగలిగితే, ఆ ఎండలో 58 దగ్గరే స్టాల్ అవుతుంది, అంటే రెక్క మీద గాలి ప్రవాహం విడిపోయి విమానం పడిపోతుంది. పైకి లేవడానికి పరుగు మూడో వంతు పెరుగుతుంది. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల చలిలో ఈ లోటు ఆరు శాతమే. తొలి ప్రయాణానికి చలికాలపు ఉదయాన్ని ఎంచుకోవడం మొహమాటపడవలసిన జాగ్రత్త కాదు.

నేల సంగతీ తక్కువేమీ కాదు. చెలక భూమిలోని మొరం రాయి ఒక్కటి గాలి మార్గంలోకి పోతే లక్ష చుట్లు తిరిగే చక్రం రెక్కలు వంగిపోతాయి, అందుకని గట్టిగా చదును చేసి ఊడ్చిన పట్టీ, ఇంజన్ మూతికి జాలీ రెండూ ఉండాలి. యాసంగి కోతలయ్యాక పొలాలలో మిగిలే ఎండుగడ్డికి తోక వేడి తగిలితే నిప్పంటుకుంటుంది. నీళ్ల డ్రమ్ము ఒకటి పట్టీ పక్కన ఉండి తీరాలి.

ఇక తొలి ప్రయాణపు రోజున రేడియో శక్తి తగ్గించి, ఇంజన్ నడుస్తుండగా దూరం పరీక్షిస్తారు. సంకేతం తెగిపోతే ఇంజన్ తనంతట తాను ఆగిపోయేలా ముందే అమర్చి, ట్రాన్స్‌మిటర్ ఆపి మరీ చూస్తారు. తర్వాత నేల మీదనే పరుగులు పెట్టించి బ్రేకులు, ముక్కు చక్రం సరిచూసి, గాలికి ఎదురుగా వదులుతారు. పైకి లేచాక చేయవలసింది తక్కువే: తిన్నగా, సమంగా పోయేలా ట్రిమ్ సరిదిద్దడం, తగిన ఎత్తులో చక్రాలనూ, రెక్క వెనకంచున ఉండే ఫ్లాపులనూ దించి ఎంత నెమ్మదిగా పోగలదో చూడడం, ఇంధనం సగం ఉండగానే దింపడం. దింపేటప్పుడు పెద్ద ప్రమాదం టర్బైన్ తాపీతనం. కనిష్ఠ వేగం నుంచి పూర్తి బలం అందుకోవడానికి దానికి మూడు నుంచి అయిదు సెకన్లు పడుతుంది, ఆ లోగా విమానం ఎనభై మీటర్లు ముందుకు జారిపోతుంది. అందుకే దిగేటప్పుడు థ్రాటిల్‌ను అడుగంటా లాగేయకుండా, ఇంజన్‌ను కొంత వేగంలో ఉంచి, ఫ్లాపుల గాలి నిరోధంతోనే వేగం తగ్గిస్తారు. చక్రాలు నేల తాకి ఇంజన్ ఆపిన తర్వాత కూడా ఈసీయూ స్టార్టరును ఉండి ఉండి తిప్పుతూ, లోపలి వేడి సుమారు వంద డిగ్రీలకు దిగేదాకా గాలి పీల్పిస్తుంది, లేకుంటే ఆ వేడి బేరింగులలోకి పాకుతుంది. చాలామంది తయారీదారులు 25 గంటల నడక తర్వాత ఇంజన్‌ను మరమ్మతుకు పంపి బేరింగులు మార్పించుకొమ్మంటారు. ఒక్కో ప్రయాణం ఎనిమిది నిమిషాలనుకుంటే అది 190 ప్రయాణాలకు కాస్త తక్కువ.