దూరవిద్య కోర్సుకు నియమావళి ఎందుకు

రేడియో, టెలివిజన్, ఉపగ్రహం, ఇంటర్నెట్ వంటి దూరసంచార సాధనాలతో చదువు చెప్పే కోర్సులో మొదటిరోజు విద్యార్థి చేతికి అందే నియమావళికి మామూలు కళాశాలలో లేని ప్రాధాన్యం ఉంటుంది. తరగతి గదిలో ఆలస్యంగా వచ్చినవాణ్ణి అధ్యాపకుడు గుమ్మంలోనే చూస్తాడు, అర్థంకాని ముఖాలు కనిపిస్తే అదే విషయాన్ని ఇంకో తీరుగా చెబుతాడు, గడువు దాటినవాణ్ణి పిలిచి కారణం అడుగుతాడు. విద్యార్థి కంటికి కనిపించని చోట ఈ పనులేవీ వాటంతట అవి జరగవు కనుక, ఏ సందర్భంలో ఎవరు ఏం చేయాలో ముందే కాగితం మీద రాసి ఉంచక తప్పదు.

ఈ తరహా చదువు తెలుగునేలకు కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అమెరికా పంపిన ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు ప్రసారం చేసిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. 1982 ఆగస్టులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడింది. అప్పట్లో సార్వత్రికమంటే బడి చదువు మధ్యలో ఆగినవారికి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునే పద్ధతి. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి.రామిరెడ్డి, ఆ అనుభవంతోనే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయ్యారు. హైదరాబాద్ సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టారు. జనం నోట మాత్రం అది నేటికీ 'ఓపెన్ డిగ్రీ'యే.

ఈ చదువు నేటికీ ఎందుకు కావాలో చూడటానికి నిజామాబాద్ జిల్లాలోని ఇందల్వాయిని తీసుకుంటే, 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం పక్కనే డిచ్‌పల్లి దగ్గర, ఈ ఊరి మీదుగా పోయే జాతీయ రహదారి మీదే ఉంది. అంత దగ్గరలో విశ్వవిద్యాలయం ఉన్నా దూరవిద్య అవసరం తీరిపోలేదు, ఎందుకంటే ఇక్కడ చదువుకు అడ్డుపడేది దారి కాదు, తీరిక. బీడీలు చుట్టే మహిళకు వెయ్యి బీడీల లెక్కన కూలి ముడుతుంది కనుక ఆమె పోగొట్టుకున్న ప్రతి గంటా కూలిలో తగ్గుతుంది. పసుపు పండించే ఇంట్లో జనవరి నుంచి మార్చి దాకా తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం తప్ప మరో పని తోచదు. గల్ఫ్‌కు వెళ్లినవాడి షిఫ్టు ఇక్కడి గడియారానికి లొంగదు.

ఇటువంటివారి ముందు పెట్టే నియమాల్లో మొదటిది కాలానికి సంబంధించింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, లెక్క ప్రకారం దూరవిద్యలో ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువు అవసరం. క్రెడిట్ అంటే కోర్సు బరువును కొలిచే ప్రమాణం. నాలుగు క్రెడిట్ల కోర్సు పదహారు వారాల్లో ముగియాలంటే 120 గంటలు, అంటే వారానికి ఏడున్నర గంటలు, రోజుకు గంటకు పైగా కేటాయించాలి. ఇది ఒక్క కోర్సు లెక్కే. ఒకే సెమిస్టరులో అయిదు కోర్సులు ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఈ లెక్కను ప్రాస్పెక్టస్ వెనుక పుటల్లో కాక ఫీజు కట్టకముందే కనిపించేలా వేయడం నిజాయితీ అనిపించుకుంటుంది. అసైన్‌మెంట్ల చివరి తేదీ పసుపు ఉడికించే వారాల్లో పడకుండా చూడటం కూడా కోర్సు రాసేవారి పనే.

రెండోది పాఠం నడిచే తీరు. 2004 సెప్టెంబరు 20న ఇస్రో ప్రయోగించిన ఎడ్యుశాట్ పూర్తిగా విద్య కోసమే ఉద్దేశించిన ఉపగ్రహం. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ, తరువాత తెలంగాణలో టీ-శాట్ విద్య, నిపుణ చానళ్లు ఉపగ్రహ పాఠాల దారిలోనే నడిచాయి. 2020 సెప్టెంబరు 1న, కరోనా కారణంగా బడులు మూతపడి ఉండగా, రాష్ట్రంలోని పిల్లలకు పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి తెరల మీదే మొదలయ్యాయి. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి అధ్యాపకుడి మాట పైకి వెళ్లి కిందికి రావడానికి సుమారు పావు సెకను పడుతుంది. జవాబు కూడా అదే దారిలో వస్తే అర సెకను. వినడానికి స్వల్పమే కానీ, ప్రశ్న వేసిన వెంటనే జవాబు రాలేదని అధ్యాపకుడు మళ్లీ అందుకుంటే రెండు గొంతులూ కలిసిపోయి ఏదీ వినపడదు. ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడదలచినవారు ముందు పేరు, ఊరు చెప్పాలనే నియమం, మాట ముగిసిందని స్పష్టంగా తెలపాలనే నియమం మర్యాద కోసం పెట్టినవి కావు, సాంకేతిక అవసరం నుంచి పుట్టినవి.

హాజరు విషయంలో చిక్కు ఎక్కువ. అధ్యయన కేంద్రాల్లో, అంటే విశ్వవిద్యాలయం స్థానిక కళాశాలల్లో నడిపే స్టడీ సెంటర్లలో, సెలవురోజుల్లో జరిగే ముఖాముఖి తరగతులను ఓపెన్ డిగ్రీ సంప్రదాయం సాయంగానే చూసింది. ప్రయోగశాల పనులకే పట్టుబట్టింది. 2020 నాటి యూజీసీ నిబంధనలు మాత్రం ఆన్‌లైన్ కోర్సుల్లో పరీక్ష రాయడానికి 75 శాతం పాల్గొనడం తప్పనిసరి చేశాయి. పాల్గొనడాన్ని కొలిచేదెలా? లాగిన్ అయి ఫోను పక్కన పెట్టేసినవాడు హాజరైనట్టు, సిగ్నల్ పోయి పాఠాన్ని రాత్రి డౌన్‌లోడ్ చేసుకుని శ్రద్ధగా విన్నవాడు గైర్హాజరైనట్టు యంత్రం నమోదు చేస్తే ఆ నియమం తిరగబడినట్టే. అందువల్ల అంశం చివర చిన్న పరీక్ష, చర్చలో రాసిన నాలుగు మాటలు, పంపిన అసైన్‌మెంటు వంటివాటిని లెక్కలోకి తీసుకోవడం మేలు.

అసైన్‌మెంటు అనగానే గైడు చూసి దించేయడం గుర్తుకొస్తుంది. ఇతరుల రాతను తనదిగా చూపడాన్ని గ్రంథచౌర్యం అంటారు. 2018 యూజీసీ నిబంధనలు పరిశోధన గ్రంథాల్లో పోలిక పది శాతం దాటితే సవరించి మళ్లీ సమర్పించమంటాయి, అరవై దాటితే నమోదునే రద్దు చేస్తాయి. డిగ్రీ స్థాయిలో శిక్ష కన్నా ప్రశ్నను మార్చడం ఎక్కువ పనిచేస్తుంది: సహకార సంఘం నిర్వచనం రాయమంటే పాతికమంది ఒకే వాక్యం రాస్తారు, తన ఊరి సంఘం అప్పు ఎలా ఇస్తుందో కనుక్కుని రాయమంటే గైడులో దొరకదు.

నియమావళులన్నిటిలో సాధారణంగా కనిపించే లోటు వేరే ఉంది. విద్యార్థి చేయవలసినవి పుటల కొద్దీ ఉంటాయి, సంస్థ చేయవలసినవి రెండు వాక్యాల్లో ముగుస్తాయి. పాఠ్యపుస్తకం ఏ తేదీకి చేరుతుంది, సందేహానికి ఎన్నిరోజుల్లో జవాబొస్తుంది, దిద్దిన అసైన్‌మెంటు వ్యాఖ్యలతో తిరిగి వస్తుందా, ప్రసారం మధ్యలో తెగితే ఆ పాఠం మళ్లీ ఎప్పుడు, చూపు లేనివారికి శ్రవణరూపం ఉందా అన్నవి విద్యార్థికి దయతో ఇచ్చేవి కావు. ఫీజు తీసుకున్న క్షణం నుంచి అవి బాకీలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తరువాత చివరిది చట్టబద్ధమైన బాధ్యత కూడా.

పరీక్షల దగ్గర ఈ అసమానత మరింత తెలుస్తుంది. కెమెరా నిఘాలో ఇంటి నుంచే రాయించే పద్ధతిలో విద్యార్థి ఒంటరిగా ఉండే గది, ఆగని కరెంటు, తెగని నెట్ ఉన్నాయని నియమం ముందే అనుకుంటుంది. రెండు గదుల ఇంట్లో అత్తగారు, పిల్లలు, బీడీ చాట ఉన్నచోట మనిషి నీడ పడినా యంత్రం అనుమానిస్తుంది. పరీక్షా కేంద్రంలో రాయించే మార్గాన్ని కూడా నిబంధనలు తెరిచే ఉంచాయి కనుక, రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కు విద్యార్థికే ఉంటుందని, ఆ ఎంపిక పరీక్షకు నెల ముందు దాకా మార్చుకోవచ్చని కోర్సు నియమావళిలోనే ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది.