ప్రోటీన్లను తుంచే బాక్టీరియాను ఎలా గుర్తిస్తారు?

ప్రోటీన్లు పెద్ద అణువులు కాబట్టి బాక్టీరియా వాటిని నేరుగా లోపలికి తీసుకోలేవు. అందుకే కొన్ని జాతులు ప్రోటియేజులను, అంటే ప్రోటీన్ గొలుసులను తుంచే ఎంజైములను, కణం వెలుపలికి విడుదల చేసి, ఏర్పడిన తునకలను పీల్చుకుంటాయి. అటువంటివాటి కోసం కబేళా, చేపల మార్కెట్ వంటి చోట్ల మట్టిని సేకరించి, సూక్ష్మజీవులు లేని నీటితో అంచెలంచెలుగా పలుచన చేసి, వెన్న తీసిన పాలు కలిపిన అగర్‌పై, అనగా సముద్రపు నాచు నుంచి తీసిన జిగురుతో గడ్డకట్టించిన పోషకంపై, పరుస్తారు. పాలకు తెలుపునిచ్చే కేసీన్ అనే ప్రోటీన్ విచ్ఛిన్నమైనప్పుడు బాక్టీరియా గుంపు చుట్టూ తేటగా ఒక వలయం కనిపిస్తుంది. వలయం పెద్దదైనంత మాత్రాన ఎంజైము మేలైనదని తేల్చడం తొందరపాటే. ఉదాహరణకు, సబ్బునీటి క్షారతను తట్టుకోలేని ఎంజైము బట్టలుతికే పొడికి కొరగాదు. ఆ క్షారతకు నిలిచే సబ్టిలిసిన్ అనే ఎంజైమును బాసిల్లస్ లైకెనిఫార్మిస్ వంటి బాక్టీరియా నుంచి తయారుచేసి డిటర్జెంట్లలో వాడుతున్నారు.