కవలలవంటి రెండు ఖనిజములు

హైదరాబాదు పాతనగరమున చార్మినారు చుట్టుపట్ల రాగి, ఇత్తడి పాత్రలు విక్రయించు అంగళ్లు కలవు. కొత్త రాగిచెంబు ఎఱ్ఱగా తళతళ మెఱయుచుండును. కొన్నాళ్లు తోమక తేమలో ఉంచినచో దానిపై ఆకుపచ్చని చిలుము పట్టును. గాలియు తేమయు రాగితో కలియుటచే ఈ మార్పు కలుగుచున్నది.

భూగర్భమునను ఇట్టి మార్పు జరుగును. రాగి ముడిఖనిజము ఉన్న చోటికి వాననీరును గాలియు ఇంకినపుడు, అచ్చట ఆర్సెనికము కూడ ఉన్నచో, అవి యన్నియు కలిసి ఆకుపచ్చని కొత్త ఖనిజములు ఏర్పడును. వీనిలో రాగి ఆర్సెనేటులు ఒక తెగ.

ఇంగ్లండు దేశపు నైరృతి కొనయందు కార్న్‌వాల్ అను సీమ కలదు. రాగి, తగరపు గనులకు అది పూర్వము ప్రసిద్ధి కెక్కినది. అచ్చట దొరికిన ఒక రాగి ఆర్సెనేటునకు 1846లో జిప్పె అను శాస్త్రజ్ఞుడు ఆ సీమ పేరుమీదుగా కార్న్‌వాలైటు అని పేరిడెను. నూఱేండ్లకు పైగా గడచిన పిదప, 1959లో క్లేరింగ్‌బుల్, హే, డేవిస్ అను మువ్వురు అదే సీమకు చెందిన మఱియొక ఆకుపచ్చ ఖనిజమును లోకమునకు తెలియజేసిరి. ఆ సీమకు గల లాటిను నామము కార్నూబియా. దానినిబట్టి ఈ ఖనిజము కార్నుబైటు అయ్యెను.

ఇందొక వింత కలదు. ఈ రెండింటి రసాయన నిర్మాణము ఒక్కటే. రెండింటిలోను ఐదు రాగి పరమాణువులకు రెండు ఆర్సెనేటు వర్గములును, నాలుగు హైడ్రాక్సిల్ వర్గములును ఉన్నవి. మఱి వేఱు పేరు ఎందులకు?

ఇటుకలు ఒకటే యైనను ఇండ్లు వేఱు కావచ్చును. స్ఫటికముపై ఎక్సు కిరణములను ప్రసరింపజేసినచో, లోపలి పరమాణువుల అమరికనుబట్టి అవి చెదరి, ప్రత్యేకమైన గుర్తులను ఏర్పఱచును. ఈ రెండు ఖనిజముల గుర్తులు భిన్నములు. కార్న్‌వాలైటు స్ఫటికపు మూలఘటకమున మూడు కోణములలో రెండు లంబకోణములు. కార్నుబైటున ఒక్కటియు లంబకోణము కాదు. గోలకొండ పేరును జగద్విఖ్యాత మొనర్చిన వజ్రమును, మీ పెన్సిలులోని గ్రాఫైటును కర్బనమే కదా! అమరిక మాఱుటచే ఒకటి గాజును కోయును, ఒకటి కాగితముపై అరగును.

ఇట్లు పరీక్షించుట కేవలము వినోదము కాదు. మలాకైటు అను రాగి ఖనిజము కూడ ఆకుపచ్చనిదే. కాని అందు ఆర్సెనికము లేదు. ఆర్సెనికమో ఘోరవిషము. రంగును మాత్రమే చూచి, కార్న్‌వాలైటును మలాకైటని భ్రమించి నూఱువాడు విషధూళిని పీల్చును. కావున విద్యార్థులారా, తెలియని పచ్చఱాయి దొరికినచో దానిని నూఱకుడు, కాల్చకుడు; ఎఱిగినవారికి చూపుడు. కన్ను రంగును చెప్పును. రాతి నిజస్వభావమును పరీక్షయే చెప్పును.