చుక్క చెరగకుండా మరక తీయడం

స్కాన్ చేసిన పాత పుస్తకంలో పుటలన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఒకటి పక్కకు ఒరుగుతుంది, ఒకదాని అంచున నల్లని పట్టీ పడుతుంది, ఇంకొకదానిలో వెనకవైపు అచ్చు మసకగా ఇవతలికి కనిపిస్తుంది. వందల పుటలను ఒక్కొక్కటే తెరిచి దిద్దడం అయ్యే పని కాదు. అందుకే చేయవలసిన పనులను వరుసగా ఒక ఫైలులో రాసి కంప్యూటర్‌కు అప్పగిస్తారు. ఆ ఫైలే స్క్రిప్టు. ఇమేజ్‌మ్యాజిక్, అన్‌పేపర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఈ పని మామూలు ల్యాప్‌టాప్ మీదే సాగుతుంది.

ఖమ్మం, భద్రాచలం ప్రాంతానికి చెందిన మూడు పుస్తకాలను తీసుకుంటే ఇందులోని చిక్కులు దాదాపు అన్నీ తెలిసిపోతాయి. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో రాసిన దాశరథీ శతకం తెలుగు పద్యాలది. అప్పట్లో భద్రాచలం తాలూకా కలిసి ఉన్న గోదావరి జిల్లాపై బ్రిటిష్ అధికారి హెమింగ్‌వే 1907లో వెలువరించిన గెజిటీరులో (జిల్లా వివరాల గ్రంథంలో) అంకెలు ఎక్కువ. గోదావరి ఒడ్డు కొండల్లోని కొండరెడ్లపై మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాసిన 1945 నాటి పుస్తకంలో ఫొటోలున్నాయి.

మొదటి పని ఒరుగు సరిచేయడం. పుట ఒక్క డిగ్రీ ఒరిగితే 15 సెంటీమీటర్ల పంక్తి చివరికొచ్చేసరికి సుమారు 2.6 మిల్లీమీటర్లు జారుతుంది. ప్రోగ్రాము పుటను కొద్దికొద్దిగా తిప్పుతూ, పంక్తుల మధ్య తెల్లదనం ఏ కోణంలో స్పష్టంగా తేలుతుందో చూస్తుంది. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఆ ఖాళీలోకి చొచ్చుకొస్తాయి కాబట్టి ఇంగ్లీషు పుటల కన్నా ఇక్కడ కోణం పట్టడం కష్టం.

తర్వాతిది సిరాను కాగితం నుంచి వేరుచేయడం. 1979లో నొబుయుకి ఒట్సు చూపిన పద్ధతి పుట మొత్తానికి ఒకే హద్దు పెడుతుంది. అంతకన్నా ముదురుగా ఉన్నదంతా నలుపు, మిగిలింది తెలుపు. మడత దగ్గర నీడ పడిన పుటలో ఇది పనికిరాదు. 2000లో వచ్చిన సావోలా పద్ధతి బొమ్మలోని ఒక్కో చుక్క (పిక్సెల్) చుట్టూ ఉన్న చిన్న మేరను చూసి అక్కడికి తగిన హద్దును లెక్కకడుతుంది. అయితే ఇది బూడిదరంగు ఛాయలు మిగిలి ఉన్న స్కాన్లకే వర్తిస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో చాలా పుటలను నేరుగా నలుపు తెలుపుల్లోనే స్కాన్ చేశారు. అప్పుడే పోయిన ఛాయను ఏ స్క్రిప్టూ తిరిగి తేలేదు. ఫొటోల పుటలకు ఈ అడుగే వద్దు. వేస్తే మనుషుల ముఖాలు సిరా మరకల్లా తేలతాయి. ఆ పుటలను ముందే వేరే ఫోల్డరులో పెట్టాలి.

మూడోది మచ్చలు తుడవడం. ఫలానా పరిమాణం కన్నా చిన్నవైన నల్లచుక్కలన్నిటినీ తీసేయమని స్క్రిప్టుకు చెబుతారు. అసలు ప్రమాదం ఇక్కడే. అంగుళానికి 300 పిక్సెళ్ల స్కాన్‌లో అర మిల్లీమీటరు మచ్చ అడ్డంగా 6 పిక్సెళ్లు, మొత్తం 28 పిక్సెళ్ల దాకా ఉంటుంది. ‘థ’ నడుమ చుక్క కూడా ఇంచుమించు అంతే. హద్దు 40 పిక్సెళ్లని పెడితే దుమ్ముతో పాటు ఆ చుక్కా పోయి దాశరథి కాస్తా ‘దాశరధి’ అవుతాడు. మకుటంలోనే ఆ పేరున్న శతకంలో ఈ తప్పు పద్యం పద్యానికీ పడుతుంది. ‘ఠ’లోని చుక్కకూ ఇదే గతి. అందుకే హద్దును పుటలోని మరకను బట్టి కాక, అచ్చులోని అతి చిన్న గుర్తును బట్టి పెట్టాలి.

చివరిది ఫైలు కుదింపు. జేబిగ్2 పద్ధతిలో ఒకేలా కనిపించే అక్షరాలకు ఒకే బొమ్మను వాడే వీలుంది. దీనివల్ల కొన్ని స్కానింగ్ యంత్రాల్లో 6 బదులు 8 పడుతోందని 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజల్ బయటపెట్టాడు. గెజిటీరు పట్టికలకు ఇలాంటి తేడా చిన్నది కాదు. వాటికి ఏ పిక్సెల్‌నూ మార్చని గ్రూప్ 4 కుదింపు పద్ధతి క్షేమం.

స్క్రిప్టు పుట పుటకూ ఆలోచించదు. ఇచ్చిన అంకెను అన్నిటికీ వర్తింపజేస్తుంది. అందువల్ల మొదలు, నడుమ, చివర నుంచి కొన్ని పుటలు ఎంచి, వాటిపై నడిపి, అక్షరం అక్షరం చూశాకే పుస్తకమంతటికీ వదలాలి. ఫలితాలు వేరే ఫోల్డరులో చేరాలి, మూల స్కాన్లను ముట్టుకోకూడదు. బొమ్మలోని అక్షరాలను గుర్తించే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్‌లో 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతిలో తెలుగు అచ్చును చదువుతుంది. ఇలా శుభ్రం చేసిన పుటలను దానికిస్తే బొమ్మగా ఉన్న పుస్తకం వెతకడానికి వీలైన పాఠం అవుతుంది.