మీకు తెలుసా? సగంలో ఉన్న సీఏకీ రెజ్యూమెలో చోటుంది

హైదరాబాద్ శివారు నాగారంలో రాంపల్లి చౌరస్తా దగ్గరి జిరాక్స్ షాపుల ముందు, పరీక్షల ఫలితాలొచ్చిన వారంలో ఒక సాయంత్రం నిలబడి చూడండి. చేతిలో పెన్‌డ్రైవో, ఫోన్లో పీడీఎఫ్‌ఫైలో పట్టుకుని పిల్లలు వరసలో ఉంటారు. "అన్నా, ఒక్క లైన్ మార్చాలి" అంటూ షాపు కంప్యూటర్ ముందు కూర్చుంటారు. కామర్స్ పిల్లలైతే ఆ ఒక్క లైను చాలాసార్లు సీఏ లైనే అవుతుంది.

ఆమధ్య మా మేనకోడలితో నేనూ అక్కడ కూర్చున్నాను. సీఏ ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పాసైంది. సికింద్రాబాద్‌లో ఒక ఆడిటర్ దగ్గర మూడేళ్లు ఆర్టికల్స్ అనే శిక్షణ చేసింది. ఫైనల్లో రెండో గ్రూపు వచ్చింది, మొదటి గ్రూపు రెండుసార్లు పోయింది. ముందు "సీఏ, సెమీ క్వాలిఫైడ్" అని పెద్దక్షరాల్లో కొట్టించింది. కాసేపు చూసి ఆ లైను మొత్తం తీసేయమంది. ఇక మిగిలింది బీకాం ఒక్కటే. దాని తర్వాత మూడేళ్లు ఖాళీ. "పూర్తిచెయ్యని చదువు రాస్తే అబద్ధం కాదా మామయ్యా?" అని అడిగింది.

కాదు. పూర్తయిందని రాస్తే అబద్ధం. ఎంతవరకు వచ్చిందో అంతవరకే రాస్తే అది అక్షరాలా నిజం. పైగా ఆయా సంస్థలే ఇందుకు పద్ధతులు పెట్టాయి. చాలామంది పిల్లలకు అవి తెలియవు. తెలియక కొందరు ఉన్నదానికన్నా ఎక్కువ రాస్తారు, ఇంకొందరు ఉన్నది కూడా దాచేస్తారు. ఆ దాచుకునేవాళ్ల కోసమే ఈసారి ఈ కాలమ్.

మీకు తెలుసా? 'సెమీ క్వాలిఫైడ్ సీఏ' అనే హోదాను చట్టం ఇవ్వలేదు. అది ఉద్యోగ ప్రకటనల్లో పుట్టి, వాడుకలో స్థిరపడిన మాట. చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం 1949 నాటిది. ఆ ఏడాది జులై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ ఏర్పడింది. అందుకే ఏటా ఆ రోజున సీఏ దినోత్సవం జరుపుతారు. ఆ చట్టం ప్రకారం చార్టర్డ్ అకౌంటెంట్ అని చెప్పుకునే హక్కు సంస్థ సభ్యులది. సభ్యులు కానివారు ఆ పేరు పెట్టుకుంటే 24వ సెక్షన్ కింద శిక్ష ఉంది. మొదటిసారి జరిమానా, మళ్లీ చేస్తే జైలు కూడా పడవచ్చు. ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఫైనల్ రెండు గ్రూపులూ పాసై, ఇంట్లో మిఠాయిలు పంచి, ఫ్లెక్సీ కట్టించుకున్నవారు సైతం సభ్యత్వం వచ్చేదాకా పేరుకు ముందు సీఏ అని పెట్టుకోకూడదు. పరీక్ష పాసవడం వేరు, సభ్యులుగా నమోదు కావడం వేరు. ఆ మధ్యకాలంలో "సీఏ ఫైనల్ ఉత్తీర్ణత, సభ్యత్వానికి దరఖాస్తు చేశాను" అంటే సరిపోతుంది.

మరి ఇంటర్ దగ్గర ఆగినవారు? ఇక్కడ మన తెలుగువాళ్లకే ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మనకు ఇంటర్ అంటే పదకొండు, పన్నెండు తరగతులు. "అమ్మాయి ఇంటర్ పాసైంది" అంటే పక్కింటివాళ్లు ఎప్‌సెట్ ర్యాంకు ఎంతని అడుగుతారు. రెజ్యూమెలో 'ఇంటర్' అని పొడిగా రాస్తే, రోజుకు వందల కాగితాలు తిరగేసేవారు ఆగి ఆలోచించరు. అందుకని "సీఏ ఇంటర్మీడియట్, ఐసీఏఐ" అని పూర్తిగా రాయాలి. పక్కనే ఏ గ్రూపు, ఏ నెల, ఏ సంవత్సరం అన్నది ఉండాలి. సీఏ పరీక్షలో పేపరుకు 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. మూడు పేపర్లలో 48, 49, 50 తెచ్చుకున్నా గ్రూపు పోయినట్టే. ఇంత కఠినమైన పరీక్షలో ఒక గ్రూపు దాటడం ఎంత పనో ఆ రంగంలో ఉన్నవారికి బాగా తెలుసు. ఆ గ్రూపును దాచుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఆర్టికల్స్ సంగతి ఇంకా ముఖ్యం. 2023 జులైలో వచ్చిన కొత్త పథకంలో ఈ శిక్షణను రెండేళ్లకు కుదించారు. అంతకుముందు చేరినవారు మూడేళ్లు చేశారు. పొద్దున్నే బస్సెక్కి, క్లయింటు ఆఫీసులో ఫైళ్ల మధ్య కూర్చుని, జీఎస్టీ రిటర్నులు వేసి, బ్యాంకుకిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్లు సరిచూసి, సెప్టెంబరులో టాక్స్ ఆడిట్ గడువు రోజున అర్ధరాత్రి ఇంటికొచ్చిన పిల్లలు వీళ్లంతా. ఇది చదువు శీర్షిక కింద ఒక లైనులో ఇరికించేది కాదు. అనుభవం శీర్షిక కింద వేరుగా రావాలి. చేరినప్పుడు 103వ ఫారం, ముగిసినప్పుడు 108వ ఫారం సంస్థకు వెళతాయి గనక దీనికి కాగితం సాక్ష్యం కూడా ఉంటుంది. ఫైనల్ పోయినంతమాత్రాన ఈ పని చేయనిదైపోదు. మా మేనకోడలు తీసేయమన్న లైనులో ఈ మూడేళ్లూ ఉన్నాయి. నాకు బాధ కలిగింది అక్కడే.

కొత్త పథకంలో మరో దారీ పెట్టారు. ఇంటర్మీడియట్ పాసై, ప్రాక్టికల్ ట్రైనింగు, నిర్దేశించిన మాడ్యూళ్లు ముగించి, ఫైనల్ మాత్రం దాటలేకపోయినవారికి 'బిజినెస్ అకౌంటింగ్ అసోసియేట్' అనే సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు అది. సగంలో ఆగిన శ్రమకూ ఒక పేరుండాలని సంస్థే ఒప్పుకున్నట్టు కదా ఇది! చాలా ఏళ్ల కింద రావాల్సిన మార్పు అని నా అభిప్రాయం.

ఇక హైదరాబాద్‌తో నేరుగా ముడిపడిన కథ ఒకటి చెప్పాలి. సీఎఫ్‌ఏ అన్న మూడక్షరాల మీద ఏళ్లకొద్దీ కోర్టులో వివాదం నడిచింది. ఒక పక్షం మన ఊరిదే. 1984లో ఎన్.జె. యశస్వి హైదరాబాద్‌లో ఇక్ఫాయ్ సంస్థను స్థాపించారు. ఆ పేరు విప్పితే ఇనిస్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్స్ ఆఫ్ ఇండియా. ఆర్థిక విశ్లేషణ అనేది ఒక వృత్తిగా మన దేశంలో ఇంకా పేరు తెచ్చుకోని రోజులవి. అప్పట్లో ఎంతోమంది తెలుగు పిల్లలు ఆ సంస్థ పుస్తకాలతోనే ఆ విద్య నేర్చుకున్నారు. అవతలి పక్షం 1963 నుంచి ఆ పేరుతో పరీక్షలు పెడుతున్న అమెరికా సంస్థ. ఇప్పుడు సీఎఫ్‌ఏ ఇనిస్టిట్యూట్ అంటున్నాం. ఆ అక్షరాలు తమ ట్రేడ్‌మార్కు అని వారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2006లో హైకోర్టు ఇక్ఫాయ్‌ని ఆ పేరు వాడకుండా నిలువరిస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అందువల్ల మన నగరంలో ఓ తరం పాత రెజ్యూమెల్లో కనిపించే సీఎఫ్‌ఏ, నేటి పిల్లలు రాసే సీఎఫ్‌ఏ ఒకటి కావు. ఇక్ఫాయ్‌లో చదివినవారు ఆ సంస్థ పేరు పక్కనే రాసుకోవడం మేలు. చదివింది నిజం, కష్టపడింది నిజం. ఎవరిచ్చారన్నది చెప్పకపోతేనే అనుమానం పుడుతుంది.

మీకు తెలుసా? అమెరికా సీఎఫ్‌ఏలో సగం హోదా అనేదే లేదు. మూడు లెవెళ్లుంటాయి. పేరు పక్కన కామా పెట్టి "సీఎఫ్‌ఏ లెవెల్ వన్" అని తగిలించుకోవడం వారి నియమాలకు విరుద్ధం. "సీఎఫ్‌ఏ ప్రోగ్రామ్ మొదటి లెవెల్ ఉత్తీర్ణత" అని సంవత్సరంతో రాయవచ్చు. 'కాండిడేట్' అనే మాటకూ హద్దుంది. రాబోయే పరీక్షకు ఫీజు కట్టి నమోదై ఉండాలి, లేదా రాసి ఫలితం కోసం ఎదురుచూస్తుండాలి. ఎప్పుడో మొదటి లెవెల్ దాటి, రెండోదానికి నమోదు కాకుండా ఊరకున్నవారు కాండిడేట్ కారు. వచ్చే ఏడాదికి చార్టర్ వచ్చేస్తుందని ముందే తేదీ వేసుకోవడమూ కుదరదు. ఇంకో ముచ్చట: మూడు లెవెళ్లూ వరసగా మూడేళ్లలో పాసైతే ఆ సంగతి రాసుకోవచ్చు, అది జరిగిన విషయం గనక. అందువల్ల నేను మిగతావారికన్నా గొప్ప అని అర్థం వచ్చేలా రాయకూడదు. ఇంత సన్నగా గీత గీసిన నియమం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మూడూ పాసయ్యాక కూడా 4,000 గంటల పని అనుభవం, అదీ కనీసం 36 నెలల్లో, చూపించి సభ్యత్వం తీసుకుంటేనే ఆ అక్షరాలు పేరు పక్కకొస్తాయి.

రిస్క్ మేనేజ్‌మెంట్‌కు సంబంధించిన ఎఫ్‌ఆర్‌ఎం కూడా ఇలాంటిదే. రెండు భాగాలు పాసయ్యాక రెండేళ్ల అనుభవం చూపాలి. బ్రిటన్ సంస్థ ఏసీసీఏలో 13 పేపర్లుంటాయి. అన్నీ పాసై అనుభవం ఇంకా నిండనివారిని 'అఫిలియేట్' అంటారు, వారికీ ఆ నాలుగక్షరాలు అప్పుడే రావు.

సీఎంఏ విషయంలో మాత్రం కొంచెం ఆగాలి. మన దేశపు సీఎంఏ (కాస్ట్ అకౌంటింగ్) 1959 చట్టం కింద నడిచేది, ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది. 2012 దాకా దాన్ని ఐసీడబ్ల్యూఏ అనేవాళ్లం. మా వయసువాళ్ల నోట ఇప్పటికీ ఆ పేరే వస్తుంది. అమెరికా సీఎంఏ వేరే. అది రెండు భాగాల పరీక్ష, దానికి చట్టంతో సంబంధం లేదు. ఊళ్లో కోచింగ్ బోర్డుల మీద రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. కాబట్టి "సీఎంఏ చదువుతున్నాను" అని రాస్తే ఏ సీఎంఏ అని అడిగించుకోవాల్సి వస్తుంది. సంస్థ పేరు రాస్తే ఆ ప్రశ్నే రాదు.

'పర్స్యూయింగ్' అనే మాట గురించి కూడా ఒక మాట. రెజ్యూమెల్లో దీనంత అలిసిపోయిన పదం లేదు. ఐదేళ్ల కింద పుస్తకం మూసేసినవారూ అదే రాస్తారు, నిన్న రాత్రి రెండింటిదాకా చదివినవారూ అదే రాస్తారు. సీఏ రిజిస్ట్రేషన్‌కు గడువుంటుంది. అది దాటిపోయి తిరిగి కట్టకపోతే చదువుతున్నట్టు కాదు. నిజంగా చదువుతున్నవారు తర్వాత రాయబోయే పరీక్ష నెల రాయాలి. ఆపేసినవారు "ఇంటర్మీడియట్ వరకు" అని రాసి అక్కడితో వదిలేయాలి. మన తాతల కాలంలో మెట్రిక్ ఫెయిల్, బీఏ ఫెయిల్ అని చెప్పుకునేవారు. ఆ తరగతి దాకా చదివాడు, పరీక్షకు కూర్చున్నాడు అనేది అందులోని సమాచారం. ఊళ్లో ఉత్తరం రాయించుకోవాలన్నా, దస్తావేజు చదివించుకోవాలన్నా ఆ మనిషి దగ్గరికే వెళ్లేవారు.

ఇక ఉన్నదానికన్నా ఎక్కువ రాసేవారి సంగతి. పెద్ద కంపెనీలు చేర్చుకునే ముందు మార్కుల మెమోలు అడుగుతాయి, సంస్థల దగ్గర సరిచూసుకుంటాయి. ఐసీఏఐ వెబ్‌సైట్లో సభ్యుల వివరాలు ఎవరైనా వెతకవచ్చు. 2019 ఫిబ్రవరి నుంచి సీఏలు ఇచ్చే సర్టిఫికెట్లకు అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడిన్ అనే గుర్తింపు నంబరు తప్పనిసరైంది. సీఏ కానివారు సీఏల పేరుతో సంతకాలు చేస్తుండటం వల్లే అది వచ్చింది. ఒక్క అక్షరం ఎక్కువ రాసుకుని దొరికిపోతే, నిజంగా దాటిన గ్రూపులను కూడా ఎవరూ నమ్మరు.

ఆ సాయంత్రం షాపు కుర్రాడికి మేం కొట్టించిన లైన్లు ఇవి. చదువు కింద: సీఏ ఇంటర్మీడియట్, ఐసీఏఐ, రెండు గ్రూపులూ, మే 2022. సీఏ ఫైనల్, గ్రూప్ 2 ఉత్తీర్ణత, మే 2025. గ్రూప్ 1 రాయాలి. అనుభవం కింద: ఆర్టికల్డ్ అసిస్టెంట్, మూడేళ్లు, ఆ కింద తను చేసిన ఆడిట్ల రకాలు, వేసిన రిటర్నులు. ఖాళీ అనుకున్న చోట ఏడు లైన్లొచ్చాయి. పేజీ నిండిపోయి అక్షరాల సైజు తగ్గించాల్సి వచ్చింది.

ప్రింటు తీసే ముందు తనే ఇంకో సంగతి అడిగింది. ఎన్ని అటెంప్టులైందో కూడా రాయాలా అని. అక్కర్లేదన్నాను. పోయిన పరీక్షల లెక్క రెజ్యూమెలో రాయమని ఏ నియమమూ లేదు. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. "రెండుసార్లు పోయింది, మూడోసారి ఫీజు కట్టాను అని చెప్తా" అంది. ఫీజు కట్టిన సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఆ పరీక్ష నెల కూడా లైనులో చేర్చమని కుర్రాడికి చెప్పి, ఐదు కాపీలు తీయించుకున్నాం.