బహుళ జట్ల స్ప్రింట్ల సమన్వయం: పని అందరికీ కనబడేలా చేయడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ప్రతి జట్టూ తన పని సకాలంలో పూర్తి చేసినా మొత్తం ఉత్పత్తి ఎందుకు ఆలస్యమవుతుందో వివరించగలుగుతారు.
• జట్ల మధ్య నిరీక్షణ కాలాన్ని లెక్కకట్టగలుగుతారు.
• స్ప్రింట్లను సమన్వయం చేసే ప్రధాన పద్ధతులను పేర్కొనగలుగుతారు.
• పని కనబడేలా చేయడానికీ, పనివారిపై నిఘా పెట్టడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఒకే జట్టు స్ప్రింట్ పద్ధతిలో పని చేసే తీరును కిందటి పాఠంలో తెలుసుకున్నారు. స్ప్రింట్ అంటే ఒక నెల, లేదా అంతకన్నా తక్కువ, నిర్ణీత కాలవ్యవధి. చాలాచోట్ల అది రెండు వారాలు. ఆ గడువులో జట్టు తాను ఎంచుకున్న పనిని వాడకానికి సిద్ధంగా పూర్తి చేసి చూపాలి. 2020 నాటి స్క్రమ్ గైడ్ ప్రకారం ఒక జట్టులో సాధారణంగా 10 మంది, లేదా అంతకన్నా తక్కువ మంది ఉంటారు. ఇంత చిన్న జట్టులో ఎవరు ఏ పనిలో ఉన్నారో, ఎక్కడ చిక్కుకున్నారో మిగిలినవారికి సులభంగా తెలుస్తుంది.

కాని బ్యాంకింగ్, రైల్వే టికెట్లు, ప్రభుత్వ సేవలు వంటి పెద్ద సాఫ్ట్‌వేర్‌ను పది మంది నిర్మించలేరు. అందుకు అనేక జట్లు కావాలి. జట్లు పెరిగిన కొద్దీ వాటి మధ్య సంబంధాలు ఇంకా వేగంగా పెరుగుతాయి. మూడు జట్ల మధ్య 3 జతలు ఏర్పడతాయి. ఆరు జట్లయితే 15, తొమ్మిది జట్లయితే 36. జట్లు మూడు రెట్లయ్యాయి, సంబంధాలు మాత్రం పన్నెండు రెట్లయ్యాయి. మనుషులు పెరిగితే సంప్రదింపుల భారం కూడా పెరుగుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించాడు.

2. కొల్లేరు నేర్పే పాఠం

ఏలూరు, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల విద్యార్థులకు ఈ సమస్య స్వరూపం తెలిసినదే. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా ఎన్నో మురుగు కాల్వలు నీరు తెస్తాయి. ఆ నీరు సముద్రానికి చేరే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. కాబట్టి ఏ వాగు ఎంత వేగంగా పారుతోందన్నది సగం లెక్క మాత్రమే. ఉప్పుటేరు ఎంత నీటిని తీసుకోగలదన్నది మిగతా సగం. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో అనేక కాలనీలు మునిగాయి. ఆ వాగుకు చివరి గమ్యం కూడా కొల్లేరే. ఎగువ వాగులో నీరు పెరిగిన సంగతి దిగువ లంక గ్రామాలకు ముందుగా తెలిస్తే జాగ్రత్తపడే వ్యవధి ఉంటుంది. తెలియకపోతే నీరు గుమ్మంలోకి వచ్చాకే తెలుస్తుంది.

మరొక విషయం గమనించండి. కొల్లేరును 1999లో +5 అడుగుల కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ప్రభుత్వం ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను తొలగించింది. దానివల్ల జీవనోపాధికి కలిగిన నష్టం వేరుగా చర్చించవలసిన అంశం. మన పాఠానికి కావలసింది అందులోని ఒక్క కారణం. ఎవరి చెరువుకు వారి గట్టు గట్టిగానే ఉంది. కాని ఆ గట్లన్నీ కలిసి సరస్సులో నీరు కదిలే దారికి అడ్డుపడ్డాయి.

సాఫ్ట్‌వేర్ జట్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. ప్రతి జట్టూ తన స్ప్రింట్‌ను చక్కగా ముగించవచ్చు, అయినా వినియోగదారుడికి ఏమీ అందకపోవచ్చు. పని ఆగేది ఎక్కువగా జట్ల లోపల కాదు, జట్ల మధ్య. ఈ పాఠం సారమంతా ఈ ఒక్క మాటలో ఉంది.

3. ఆలస్యం ఎలా పుడుతుంది? ఒక ఉదాహరణ

చేపల రైతుల కోసం ఒక మొబైల్ యాప్ తయారవుతోందని ఊహించండి. శీలావతి, బొచ్చె చేపల పట్టుబడి జరిగిన రోజునే రైతు ఖాతాలో డబ్బు పడాలన్నది దాని ఉద్దేశం. రైతు వివరాలు నమోదు చేసే భాగం జట్టు ‘క’ది. చెల్లింపుల భాగం జట్టు ‘ఖ’ది. రెండింటివీ రెండు వారాల స్ప్రింట్లే. అయితే ‘క’ స్ప్రింట్లు 1–2, 3–4, 5–6 వారాలుగా నడుస్తాయి. ‘ఖ’ స్ప్రింట్లు 2–3, 4–5, 6–7 వారాలుగా నడుస్తాయి.

2వ వారం మొదట్లో ‘ఖ’ జట్టుకు ఒక సంగతి తెలిసింది: ‘క’ జట్టు ప్రతి రైతుకూ బ్యాంకు ఖాతా వివరాన్ని జోడిస్తే తప్ప చెల్లింపు సాగదు. ‘క’ జట్టుకు అది 3 రోజుల పని. తరువాత ‘ఖ’ చేయవలసింది 2 రోజుల పని. ఇప్పుడు క్యాలెండర్ చూడండి.

• ‘క’ జట్టు అప్పటికే స్ప్రింట్ మధ్యలో ఉంది. కొత్త పనిని 3–4 వారాల స్ప్రింట్‌లో తీసుకుంటుంది. 4వ వారం చివర అందిస్తుంది.
• అప్పటికి ‘ఖ’ తన 4–5 వారాల స్ప్రింట్ మధ్యలో ఉంది. ఆ పనిని 6–7 వారాల స్ప్రింట్‌లో తీసుకుని, 7వ వారం చివర ముగిస్తుంది.

5 రోజుల పనికి 6 వారాలు పట్టింది. ఎవరూ బద్ధకించలేదు. రెండు జట్ల నివేదికల్లోనూ అన్ని స్ప్రింట్లూ విజయవంతమనే ఉంటుంది. ఈలోగా పట్టుబడి ముగించిన రైతు మాత్రం డబ్బు కోసం ఎదురుచూస్తాడు. ఒక జట్టు పని మరొక జట్టు పని మీద ఇలా ఆధారపడటాన్ని ‘డిపెండెన్సీ’ అంటారు.

4. సమన్వయ పద్ధతులు

(అ) ఒకే కాలపట్టిక: అన్ని జట్ల స్ప్రింట్లూ ఒకే రోజు మొదలై ఒకే రోజు ముగియాలి. ఒక జట్టు వారం రోజుల స్ప్రింట్లు నడపాలనుకుంటే అభ్యంతరం లేదు, రెండు వారాల కొకసారి అందరితో కలిస్తే చాలు.

(ఆ) ఉమ్మడి ప్రణాళిక: స్ప్రింట్ మొదలుకాకముందే జట్ల ప్రతినిధులు కూర్చొని, ఎవరి నుంచి ఎవరికి ఏమి కావాలో, ఏ రోజుకు కావాలో రాసుకోవాలి. పై ఉదాహరణలో ఇలా చేసి ఉంటే ‘క’ జట్టు మొదటి 3 రోజుల్లో ఆ పని ముగించేది. ‘ఖ’ అదే స్ప్రింట్‌లో దాన్ని అందుకునేది. 6 వారాలు 2 వారాలకు తగ్గేవి.

(ఇ) స్క్రమ్ ఆఫ్ స్క్రమ్స్: ప్రతి జట్టు నుంచి ఒకరు వారంలో రెండు మూడుసార్లు, లేదా అవసరమైతే రోజూ, పావుగంట కలుస్తారు. ఇక్కడ ‘నిన్న ఏం చేశాం’ అన్నది ముఖ్యం కాదు. ‘మా పని వల్ల మీకు ఏ అడ్డంకి రాబోతోంది? మీ నుంచి మాకు ఏది రావాలి?’ అన్నవే అసలు ప్రశ్నలు.

(ఈ) ప్రతి స్ప్రింట్‌లోనూ కలపడం: జట్లు రాసిన భాగాలను చివరి నెల వరకు విడివిడిగా ఉంచకూడదు. కనీసం స్ప్రింట్‌కు ఒకసారైనా కలిపి పరీక్షించాలి. ‘పూర్తయింది’ అన్న మాటకు అన్ని జట్లకూ ఒకే అర్థం ఉండాలి. కలిపి నడిపి చూడని పని పూర్తయినట్లు కాదు.

ఈ సూత్రాలను వేర్వేరు చట్రాలు వేర్వేరుగా అమలు చేస్తాయి. స్క్రమ్ రూపకర్తలలో ఒకరైన కెన్ ష్వేబర్ 2015లో ‘నెక్సస్’ను వెలువరించాడు. అది సుమారు 3 నుంచి 9 జట్లకు ఉద్దేశించినది, అన్ని జట్లకూ ఒకే బ్యాక్‌లాగ్ ఉండాలంటుంది. క్రెయిగ్ లార్మన్, బాస్ వొడ్డే రూపొందించిన ‘లెస్’ కూడా ఒకే బ్యాక్‌లాగ్‌ను కోరుతుంది. డీన్ లెఫింగ్‌వెల్ 2011లో ప్రవేశపెట్టిన ‘సేఫ్’ 8 నుంచి 12 వారాలకు ఒకసారి పెద్ద ఉమ్మడి ప్రణాళికా సమావేశం జరపాలంటుంది. పేర్లు ఏవైనా, జట్ల మధ్య పనిని ముందుగా బయటపెట్టడమే అన్నింటి లక్ష్యం.

5. పని కనబడేలా చేయడం

టయోటా కర్మాగారంలో తాయిచి ఓనో ప్రవేశపెట్టిన కాన్‌బాన్ కార్డుల నుంచే నేటి సాఫ్ట్‌వేర్ బోర్డులు పుట్టాయి. జట్టు బోర్డులో సాధారణంగా ‘చేయవలసినవి’, ‘జరుగుతున్నవి’, ‘పూర్తయినవి’ అనే మూడు గడులు ఉంటాయి. బహుళ జట్లకు ఇది చాలదు. ఉమ్మడి బోర్డులో ‘మరొక జట్టు కోసం ఎదురుచూస్తున్నవి’ అనే గడి తప్పనిసరి. అందులోని ప్రతి కార్డుపైనా మూడు వివరాలు ఉండాలి: ఎవరి కోసం ఆగింది, ఏ తేదీ నుంచి ఆగింది, ఎవరు పరిష్కరించాలి. ‘క’, ‘ఖ’ జట్ల నడుమ దాగిన ఆరు వారాలు ఈ గడిలోనే బయటపడతాయి.

కొల్లేరు పోలిక ఒకచోట ఆగిపోతుంది. వానను మనం ఆపలేం. కాని బ్యాక్‌లాగ్ నుంచి పనిని ఎప్పుడు తీసుకోవాలో మన చేతిలోనే ఉంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రాన్ని మన పనికి అన్వయిస్తే ఇలా ఉంటుంది:

ఒక పనికి పట్టే సగటు కాలం = జరుగుతున్న పనుల సగటు సంఖ్య ÷ వారానికి సగటున పూర్తయ్యే పనులు

బోర్డుపై 30 పనులు నడుస్తూ, వారానికి 6 పూర్తవుతుంటే, ఒక్కో పనికి సగటున 5 వారాలు పడుతుంది. పూర్తయ్యే వేగం తగ్గకుండా, చేతిలోని పనులను 12కు పరిమితం చేయగలిగితే 2 వారాలే పడుతుంది. ఉప్పుటేరు సామర్థ్యం చూడకుండా నీరు వదిలినట్లు కొత్త పనులు మొదలుపెడితే, ప్రతి పనీ ఆలస్యమవుతుంది.

6. కనబడటం వేరు, నిఘా వేరు

ఒక జట్టు స్ప్రింట్‌కు పూర్తి చేసే పని పరిమాణాన్ని ‘వెలాసిటీ’ అంటారు. దాన్ని ఆ జట్టు తన ప్రణాళిక కోసం తానే అంచనా వేసుకునే పాయింట్లలో కొలుస్తుంది. అందుచేత ‘క’ జట్టుకు 40 పాయింట్లు, ‘ఖ’ జట్టుకు 25 పాయింట్లు అని పోల్చడం అర్థరహితం. ఒక ఊరి కుంచంతో కొలిచిన ధాన్యాన్ని వేరే కొలత ఉన్న ఊరి కుంచంతో పోల్చినట్లు ఉంటుంది. పైగా పోలిక మొదలవగానే అంచనాలు ఉబ్బుతాయి. నిన్న 3 పాయింట్లన్న పని రేపు 5 అవుతుంది. ఆగిన పనిని చూపితే మందలింపు వస్తుందనుకున్నవారు దాన్ని ‘జరుగుతున్నవి’ గడిలోనే దాచేస్తారు. అప్పుడు బోర్డు అందంగా ఉంటుంది, నిజం మాత్రం కనబడదు.

కాబట్టి మీరు జట్టులో సభ్యులైనా, రేపు నాయకత్వం వహించినా, బోర్డు ముందు నిలబడినప్పుడు ‘ఎవరు వెనుకబడ్డారు?’ అని అడగకండి. ‘ఏ పని ఎక్కడ ఆగింది? దాన్ని కదిలించడానికి ఎవరు సాయపడగలరు?’ అని అడగండి.

7. సారాంశం

జట్లు పెరిగిన కొద్దీ వాటి మధ్య సంబంధాలు అంతకన్నా వేగంగా పెరుగుతాయి. ఆలస్యం ఎక్కువగా జట్ల మధ్య నిరీక్షణలో పుడుతుంది. ఒకే కాలపట్టిక, ఉమ్మడి ప్రణాళిక, ప్రతినిధుల సమావేశం, ప్రతి స్ప్రింట్‌లో కలిపి పరీక్షించడం ఆ నిరీక్షణను తగ్గిస్తాయి. ఉమ్మడి బోర్డు దాన్ని బయటపెడుతుంది, చేతిలోని పనులపై పరిమితి దాన్ని అదుపులో ఉంచుతుంది. జట్ల వెలాసిటీలను పోల్చడం నిజాన్ని దాచడానికి దారితీస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఏడు జట్ల మధ్య ఎన్ని జతల సంబంధాలు ఏర్పడతాయి? (జవాబు: 21)
2. బోర్డుపై 24 పనులు నడుస్తూ వారానికి 8 పూర్తవుతుంటే, ఒక్కో పనికి సగటు కాలం ఎంత? (జవాబు: 3 వారాలు)
3. 3వ విభాగంలోని ఉదాహరణలో ‘ఖ’ జట్టు స్ప్రింట్లు కూడా 1–2, 3–4 వారాలుగానే ఉండి, ఉమ్మడి ప్రణాళిక లేక, ఖాతా వివరం అవసరం 2వ వారం మొదట్లోనే తెలిసి, ‘క’ తన పనిని 4వ వారం చివర అందిస్తే, చెల్లింపు ఏ వారం చివరకు పూర్తవుతుంది? (జవాబు: 6వ వారం. కాలపట్టిక ఒక్కటే కలిస్తే చాలదని దీన్నిబట్టి గ్రహించండి.)
4. మీరు పని చేసే లేదా చూసిన ఒక కార్యాలయంలో ఒక దరఖాస్తు ఏయే బల్లల మధ్య ఆగుతుందో గమనించి, దానికి ఉమ్మడి బోర్డు గీయండి.